కర్నల్ మాథ్యూ ప్రశ్న: 'బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్' చిత్రంలో చిత్రహింస

చిత్రం మొదలయ్యేసరికే జరగవలసినది జరిగిపోయి ఉంటుంది. బక్కచిక్కిన ఒక అరబ్బు మనిషి, ఒంటిమీద చొక్కా లేకుండా, నిలబడే ఓపిక కూడా లేక వణుకుతూ కనిపిస్తాడు. చుట్టూ ఉన్న ఫ్రెంచి సైనికులు ఇప్పుడతనితో మెత్తగానే మాట్లాడతారు. తాగడానికి కాఫీ ఇస్తారు. చెప్పవలసినది చెప్పేశాడు గనుక ఇక భయం లేదని ఊరడిస్తారు. తరువాత తమ యూనిఫారమే అతనికి తొడిగి, తలపై టోపీ పెట్టి, తన నాయకుడు దాగిన ఇంటికి దారి చూపమంటారు. ఆ దుస్తులు ఒంటిమీదికి వచ్చాక గాని తానేమి చేశాడో అతనికి పూర్తిగా అర్థం కాదు. ఏడుస్తూ, వద్దని అరుస్తూ కిటికీవైపు పరుగెత్తబోతాడు. హింసించిన దృశ్యమేదీ ఇక్కడ తెరమీద లేదు. హింస ముగిసిన తరువాత మిగిలిన మనిషి మాత్రమే ఉన్నాడు. ఉగ్రవాద అనుమానితుల చిత్రహింస గురించి వచ్చిన రాజకీయ చిత్రాలలో 'ది బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్'కు నేటికీ ప్రత్యేకస్థానం ఉండడానికి ఈ ప్రారంభమే మొదటి కారణం.

ఇటలీ, అల్జీరియాల ఉమ్మడి నిర్మాణంగా 1966లో వచ్చిన ఈ చిత్రానికి దర్శకుడు జిల్లో పొంటెకోర్వో. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇటలీలో ఫాసిస్టు వ్యతిరేక ప్రతిఘటనలో పాల్గొన్నవాడు. దీనికి ముందు 1960లో నాజీ నిర్బంధ శిబిరం ఇతివృత్తంగా 'కాపో' చిత్రాన్ని తీసినవాడు. చిత్రానువాదం ఫ్రాంకో సొలీనాస్‌ది. ఛాయాగ్రహణం మార్చెల్లో గట్టి. సంగీతాన్ని ఎన్నియో మొరికోనే దర్శకునితో కలిసి సమకూర్చాడు. అల్జీర్స్ నగరంలో జాతీయ విముక్తి సంస్థ సైనిక విభాగానికి నాయకత్వం వహించిన సాదీ యాసెఫ్ ఈ చిత్రనిర్మాణంలో భాగస్వామి. తన జీవితాన్ని పోలిన పాత్రను తానే ధరించాడు. నటీనటులలో అత్యధికులు కెమెరా ముందుకు ఎన్నడూ రాని సామాన్యులు. కథానాయకుడు అలీ లా పాంత్ పాత్రధారి బ్రాహిం హజ్జాజ్ కూడా అటువంటివాడే. ప్రధాన పాత్రధారులలో వృత్తినటుడు ఒక్కడే: కర్నల్ మాథ్యూగా నటించిన జీన్ మార్టిన్. అల్జీరియా యుద్ధాన్ని నిరసిస్తూ 1960లో ఫ్రెంచి మేధావులు వెలువరించిన 121 మంది ప్రకటనపై సంతకం చేసి, ఆ కారణంగా అవకాశాలు పోగొట్టుకున్న నటుడతడు. వెనిస్ చలనచిత్రోత్సవంలో 1966లో స్వర్ణసింహాన్ని పొందిన ఈ చిత్రం ఫ్రాన్స్‌లో మాత్రం 1971 వరకు సాధారణ ప్రదర్శనకు నోచుకోలేదు.

ఇతివృత్తం చరిత్రే. 1830 నుంచి ఫ్రెంచి పాలనలో ఉన్న అల్జీరియాలో 1954 నవంబరు 1న సాయుధ స్వాతంత్ర్యపోరాటం మొదలైంది. 1956లో అది రాజధాని వీధులకు చేరింది. విముక్తి సంస్థవారు పోలీసులను కాల్చి చంపారు. అల్జీరియన్లు నివసించే పాత బస్తీ కస్బాలో, తేబ్ వీధిలో, అదే సంవత్సరం ఆగస్టు 10 రాత్రి ఫ్రెంచి అతివాదులు పెట్టిన బాంబు నిద్రిస్తున్న కుటుంబాలను బలిగొన్నది. సెప్టెంబరు 30న విముక్తి సంస్థకు చెందిన యువతులు ఐరోపా స్త్రీల వేషంలో తనిఖీలు దాటుకొని వెళ్ళి, యూరోపియన్లు కూర్చునే కాఫీ హోటళ్ళలో బాంబులు పెట్టారు.

ఈ రెండు దారుణాలను పొంటెకోర్వో చిత్రించిన తీరులో ఆయన నిజాయితీ కనిపిస్తుంది. దర్శకుని సానుభూతి ఎవరివైపు ఉన్నదో దాపరికమేమీ లేదు. అయినా బాంబు ఉన్న సంచిని బల్ల కిందికి నెట్టిన యువతి కళ్ళు హోటలులోని ముఖాలను ఒక్కొక్కటిగా చూస్తాయి. ఆమెతోపాటు ప్రేక్షకుడూ చూస్తాడు. వారిలో ఐస్‌క్రీము తింటున్న పసివాడున్నాడు. చావబోయేవారిని పేరులేని శత్రువులుగా భావించే వెసులుబాటు ప్రేక్షకునికి దక్కదు. కస్బా శిథిలాలలోనుంచి శవాలను మోసుకొచ్చేటప్పుడు వినిపించిన విషాదసంగీతమే హోటలు శిథిలాలలోనూ వినిపిస్తుంది. చిత్రహింసను ప్రశ్నించడానికి పూనుకొన్న కళాకారుడు ముందుగా ఉగ్రవాద చర్యలోని భయానకత్వాన్ని తగ్గించకుండా చూపడం అవసరం. చనిపోయినవారిని మరిపించి చేసే వాదం బలహీనమవుతుంది. ఈ సంగతి పొంటెకోర్వోకు తెలుసు.

1957 జనవరిలో నగరంలోని పోలీసు అధికారాలన్నీ జనరల్ మస్యూ నాయకత్వంలోని పారాచూట్ దళాలకు అప్పగించారు. చిత్రంలో ఆ దళాల ప్రతినిధి కర్నల్ మాథ్యూ. పలువురు నిజమైన సైనికాధికారుల లక్షణాలను కలబోసి తీర్చిన కల్పితపాత్ర ఇది. నల్లకళ్ళద్దాలతో, నిటారుగా కవాతు చేస్తూ నగరంలో ప్రవేశించే ఇతడు క్రూరుడుగా కనిపించడు. చదువుకున్నవాడు, మర్యాద తెలిసినవాడు, శత్రువులోని ధైర్యాన్ని గౌరవించేవాడు. తన అధికారులకు పాఠం చెబుతున్నట్లుగా నల్లబల్లపై విముక్తి సంస్థ నిర్మాణాన్ని త్రిభుజాలుగా గీసి చూపుతాడు. సంస్థలో ఒక్కొక్కరికి తెలిసినది తనను చేర్చుకొన్నవాడు, తాను చేర్చుకొన్న ఇద్దరు మాత్రమే. కాబట్టి పేర్లు తెలియాలంటే విచారణ తప్ప మార్గం లేదు. పట్టుబడినవాడు ఇరవైనాలుగు గంటలు నోరు విప్పకుండా ఉండాలని సంస్థ ఆదేశం. అంతలో మిగిలినవారు స్థావరాలు మార్చుకొంటారు. కాబట్టి ఆ ఇరవైనాలుగు గంటలలోపే సమాధానం రావాలి.

ఈ సన్నివేశాన్ని పరిపాలనతో సంబంధమున్న పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసి ఉంది. మాథ్యూ మాటలలో ఎక్కడా ద్వేషం లేదు, ఆవేశం లేదు. సమస్య, విశ్లేషణ, పద్ధతి, కాలపరిమితి అన్న వరుసలో ఒక కార్యాలయ పత్రం సాగినట్లు సాగుతుంది. విలేకరులు నిలదీసినప్పుడు చిత్రహింస అనే మాట తమ ఉత్తర్వులలో ఎక్కడా లేదంటాడు. అది అబద్ధం కాదు. ఉత్తర్వులో ఉన్నది విచారణ అనే మాట. ఆ మాటకు గదిలోపల వచ్చే అర్థం కాగితంమీదికి రాదు. పై అంతస్తులో భాష శుభ్రంగా ఉంటుంది. కింది గదిలో మరొక పని జరుగుతుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఇంత సూటిగా పట్టుకొన్న చిత్రాలు అరుదు.

ఆ విలేకరుల సమావేశంలోనే చిత్రానికి మూలస్తంభమైన ప్రశ్న వస్తుంది. తమను ఫాసిస్టులంటున్నవారు తమలో కొందరు నాజీలపై పోరాడి డాకౌ, బుకెన్‌వాల్డ్ శిబిరాలలో మగ్గి వచ్చిన సంగతి మరచిపోతున్నారని మాథ్యూ గుర్తుచేస్తాడు. ఆపై ప్రశ్నను తిప్పి అడుగుతాడు. ఫ్రాన్స్ అల్జీరియాలో ఉండాలా, వద్దా? ఉండాలని మీ సమాధానమైతే, దాని పర్యవసానాలన్నింటినీ మీరు అంగీకరించి తీరాలి. ఇది మాథ్యూ వాదసారం. విలేకరులు మౌనం వహిస్తారు.

మాటలు అక్కడితో ఆగిపోతాయి. తరువాత కొద్ది నిమిషాలు సంభాషణ లేదు. నీళ్ళలో ముంచిన తల, విద్యుత్తు తీగలు, వేలాడదీసిన శరీరం, ఒంటిని కాల్చే మంట, చూస్తూ కన్నీరు కార్చే బంధువులు తెరమీద కదలిపోతారు. బాధితుల కేకలు వినిపించవు. చర్చిలో వినిపించే ఆర్గాన్ వాద్యాన్ని తలపించే గంభీరమైన సంగీతం మాత్రమే సాగుతుంది. కేకలు వినిపించి ఉంటే ప్రేక్షకుడు తల తిప్పుకొనేవాడేమో. సంగీతం అతన్ని తల తిప్పుకోనివ్వదు, ఉద్రేకపడనివ్వదు. విలేకరుల సమావేశంలో పర్యవసానాలు అన్న ఒక్క మాట విన్నవాడు ఇప్పుడు ఆ మాటకు అర్థం చూస్తున్నాడు. నాటకీయతకోసం హింసను వాడుకొనే చిత్రాలు ఇటువంటి ఘట్టంలో ఉత్కంఠను పెంచుతాయి: చెబుతాడా, చెప్పడా? పొంటెకోర్వో ఆ ఉత్కంఠను పూర్తిగా తొలగించాడు. ఎవరు ఏమి చెప్పారో ఈ సన్నివేశంలో తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

ఇంకొక విధంగా కూడా ఈ చిత్రం తేలికదారి తొక్కలేదు. చిత్రహింస వల్ల ప్రయోజనమే ఉండదని అది వాదించదు. మాథ్యూ పద్ధతి పనిచేసినట్లే చూపుతుంది. నల్లబల్లమీది త్రిభుజాలలో పేర్లు, ఫొటోలు నిండుతాయి. నాయకులు ఒక్కొక్కరే పట్టుబడతారు. మొదటి దృశ్యంలోని బక్కమనిషి చెప్పిన ఆచూకీ నిజమే. గోడవెనుక దాగిన అలీ లా పాంత్, అతనితో ఉన్న యువతి, మరొక సహచరుడు, ఒక బాలుడు బయటికి రావడానికి నిరాకరించి ఇంటితోపాటు పేలిపోతారు. చరిత్రలో అది 1957 అక్టోబరు 8. సైన్యం అల్జీర్స్ పోరాటంలో గెలిచింది. కాని మూడేళ్ళు గడిచాక, 1960 డిసెంబరులో, ఎవరూ పిలవకుండానే కస్బా జనం జెండాలతో వీధులలోకి పోటెత్తారు. 1962 జూలైలో అల్జీరియా స్వతంత్రమయింది. పేర్లు రాబట్టగలిగిన పద్ధతి ప్రజల మనస్సులను తనవైపు తిప్పుకోలేకపోయింది. ఉపయోగం లేదు గనుక తప్పు అనే వాదం, ఉపయోగం ఉన్నదని ఎవరైనా చూపిన రోజున కూలిపోతుంది. ఉపయోగపడినట్లే చూపి, అయినా ప్రేక్షకుని మనస్సాక్షిని కలవరపెట్టగలగడం ఈ చిత్రం బలం.

అయితే ఇంత బలమైన చిత్రంలో ఒక పెద్ద లోటు ఉన్నది. మాథ్యూ ప్రశ్నకు రెండే సమాధానాలు ఉన్నట్లు చిత్రం అంగీకరించింది. ఫ్రాన్స్ ఉండాలంటే చిత్రహింసను ఒప్పుకోవాలి. చిత్రహింసను కాదంటే ఫ్రాన్స్ వెళ్ళిపోవాలి. మూడవ సమాధానం చెప్పిన మనిషి నిజజీవితంలో ఉన్నాడు. చిత్రంలో లేడు.

అతడి పేరు పాల్ టెట్జెన్. 1956 ఆగస్టు నుంచి అల్జీర్స్ ప్రిఫెక్టు కార్యాలయంలో పోలీసు వ్యవహారాలు చూసిన ప్రధాన కార్యదర్శి. విప్లవకారుడు కాదు. ఫ్రెంచి ప్రభుత్వానికి విధేయుడైన ఉన్నతాధికారి. యుద్ధకాలంలో నాజీ వ్యతిరేక ప్రతిఘటనలో పాల్గొని, గెస్టపో చేతిలో హింసలనుభవించి, డాకౌ శిబిరానికి చేరినవాడు. మాథ్యూ తన పక్షాన సాక్షులుగా పేర్కొన్న డాకౌ బాధితులలో ఇతడూ ఒకడు. కాని సాక్ష్యం మరొకవైపు చెప్పాడు. 1957 మార్చి 24న రాసిన రాజీనామాలేఖలో, నాన్సీ నగరంలోని గెస్టపో నేలమాళిగలలో తాను అనుభవించిన హింసల గుర్తులనే నిర్బంధితుల ఒంటిమీద చూశానని పేర్కొన్నాడు. అప్పటికి రాజీనామా ఆమోదం పొందలేదు. ఆ సెప్టెంబరులో పదవి వదిలాడు. ఆలోపల సైన్యం పట్టుకెళ్ళిన ప్రతి మనిషికి నిర్బంధ ఉత్తర్వుపై తన సంతకం ఉండాలని పట్టుబట్టాడు. ఆ కాగితాల ఆధారంగానే తిరిగిరానివారి సంఖ్య 3,024 అని లెక్కగట్టాడు. ఆ అంకెపై చరిత్రకారులు చర్చిస్తూనే ఉన్నారు. అయినా మనుషులు మాయమవుతున్న చోట ఒక గుమాస్తాపనిని ప్రతిఘటనగా మార్చిన అధికారి అతడు.

చిత్రహింసను సమర్థించేవారు తప్పక ఎత్తే ఉదాహరణ ఒకటుంది. ఎక్కడో బాంబు ఉన్నది, కాలం గడిచిపోతున్నది, ఎక్కడున్నదో తెలిసినవాడు చేతికి చిక్కాడు, అప్పుడేమి చేస్తారు? టెట్జెన్‌కు ఈ ప్రశ్న ఊహగా రాలేదు. 1956 నవంబరు 14న గ్యాసు కర్మాగారంలో బాంబు పెట్టబోయిన ఫెర్నాన్ ఇవెతాన్ అనే కార్మికుడు పట్టుబడ్డాడు. రెండవ బాంబు ఉన్నదని అనుమానం. హింసించడానికి అనుమతినివ్వమని పోలీసులు కోరారు. టెట్జెన్ నిరాకరించి, ఆ మధ్యాహ్నమంతా భయంతోనే గడిపాడు. భయపడిన పేలుడు జరగలేదు. ఈ కథ ఇక్కడితో ముగిస్తే చక్కని నీతికథ అయ్యేది. కాని ఆయన మాటను పక్కనబెట్టి పోలీసులు ఇవెతాన్‌ను హింసించారు. 1957 ఫిబ్రవరిలో అతనికి గిలటిన్‌తో మరణశిక్ష అమలయింది. ఒక అధికారి కాదన్నంత మాత్రాన యంత్రం ఆగదు. అయితే కాదన్నవాడు ఉన్నాడు గనుకనే ఆ తరువాత జరిగినది తప్పనిసరి పర్యవసానం కాదని, కొందరు ఎంచుకొని చేసిన పని అని రుజువయింది. సైన్యంలోనూ జనరల్ బొలార్దియేర్ ఈ పద్ధతులకు నిరసనగా 1957లో తనను ఆ బాధ్యతనుంచి తప్పించమని కోరాడు. నిరసనను బహిరంగంగా సమర్థించినందుకు అరవై రోజుల కోటనిర్బంధం అనుభవించాడు.

ఇటువంటి మనిషికి చిత్రంలో చోటు లేకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. పొంటెకోర్వో, సొలీనాస్‌ల దృష్టిలో చిత్రహింస వ్యక్తుల దుర్మార్గం కాదు, వలస వ్యవస్థకు అనివార్యమైన ఫలం. వ్యవస్థను వదిలి వ్యక్తిని నిందించడం వారికి ఇష్టం లేదు. ఆ దృష్టి వల్లనే మాథ్యూ పాత్రకు అంత లోతు వచ్చింది. కాని ఆ దృష్టి వల్లనే మాథ్యూ తర్కానికి చిత్రంలో ఎదురు లేకుండా పోయింది. అతనితో వాదించగల స్థాయిగల పాత్ర అటువైపు మరొకటి లేదు. ఫలితంగా ఈ చిత్రం ఎవరిని ప్రశ్నించిందో వారే దాన్ని పాఠ్యపుస్తకంగా వాడుకొనే అవకాశం ఏర్పడింది. ఇరాక్ ఆక్రమణ తరువాత 2003 ఆగస్టులో అమెరికా రక్షణశాఖ కార్యాలయం పెంటగన్‌లో అధికారులకు ఈ చిత్రాన్ని ప్రదర్శించారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అబూ గ్రయిబ్ జైలు ఛాయాచిత్రాలు వెలుగుచూశాయి. మొదటిది రెండవదానికి కారణమని చెప్పలేము. కాని చిత్రం చూసినంత మాత్రాన పాఠం వంటబట్టదని మాత్రం చెప్పవచ్చు.

మరొక లోటు స్త్రీల విషయంలో ఉన్నది. బాంబులు మోసిన యువతులు అద్దంముందు జుట్టు కత్తిరించుకొనే దృశ్యం చిత్రంలో అపూర్వంగా వచ్చింది. కాని వారికి మాటలు చాలా తక్కువ. నిర్బంధంలో స్త్రీలు అనుభవించిన అత్యాచారాల ఊసే లేదు. ఆ మౌనాన్ని ఛేదించడానికి 2000 సంవత్సరంలో లూయిజెట్ ఇగిలారిజ్ పత్రికాముఖంగా తన అనుభవాన్ని వెల్లడించవలసి వచ్చింది.

చిత్రం వదిలిన మరొక అనుమానం మాత్రం కాలక్రమంలో నిజమయింది. విముక్తి సంస్థ నాయకుడు లార్బీ బెన్ మిహీదీ నిర్బంధంలో ఆత్మహత్య చేసుకొన్నట్లు 1957లో సైన్యం ప్రకటించింది. చిత్రంలో ఒక విలేకరి ఆ ప్రకటనను శంకిస్తాడు. 2001లో జనరల్ ఒసారెస్ తన స్మృతులలో ఆ హత్య తమ పనేనని బయటపెట్టాడు. 2018లో గణితశాస్త్రవేత్త మోరిస్ ఒదాన్ మరణానికి, 2024 నవంబరు 1న బెన్ మిహీదీ హత్యకు ఫ్రెంచి సైనికులు బాధ్యులని ఫ్రాన్స్ అధ్యక్షుడు అంగీకరించాడు. విలేకరి పాత్ర సందేహించిన యాభైఎనిమిదేళ్ళకు రాజ్యం సమాధానమిచ్చింది.

ఈ చిత్రాన్ని పరదేశపు గాథగా చూసి ఊరుకోవడానికి భారతీయ పాఠకునికి వీలు లేదు. వలసపాలన, ఒప్పుకోలు, చిత్రహింస అనే మూడింటి ముడి ఈ నేలకూ తెలుసు. తెలుగు జిల్లాలు కూడా భాగంగా ఉన్న మద్రాసు రాజధానిలో శిస్తు వసూలుకూ నేరాంగీకారానికీ హింసను వాడుతున్నారన్న ఫిర్యాదులపై ఏర్పడిన విచారణసంఘం 1855లో నివేదిక సమర్పించింది. వేళ్ళను నొక్కే కిట్టి మొదలుకొని ఎన్నో పద్ధతులను అది నమోదు చేసింది. నింద మాత్రం కిందిస్థాయి దేశీయ ఉద్యోగులపై మోపింది. పై ఉత్తర్వులలో ఆ మాట లేదన్న మాథ్యూ సమాధానం ఇక్కడ వందేళ్ళు ముందే వినిపించింది. అయినా ఆ చర్చల నుంచి ఒక మేలు కలిగింది. పోలీసుల ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్న సూత్రం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోకి, తరువాత 1872 నాటి సాక్ష్యచట్టం 25వ విభాగంలోకి వచ్చింది. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 23వ విభాగంలోనూ అది నిలిచింది. గదిలోపల ఏమి జరిగినదో తెలియనప్పుడు, ఆ గదినుంచి వచ్చిన మాటను నమ్మబోమని చట్టం చేసిన నిర్ణయమది. మాథ్యూ పద్ధతికి ఇంతకన్న సూటి అయిన ప్రతివాదం లేదు.

ఉగ్రవాద భయం ఆ సూత్రాన్ని రెండుసార్లు సడలించింది. 1987 నాటి టాడా చట్టం, 2002 నాటి పోటా చట్టం ఎస్పీ స్థాయి అధికారి ఎదుట ఇచ్చిన ఒప్పుకోలును సాక్ష్యంగా అంగీకరించాయి. మొదటిది 1995లో గడువు తీరి, రెండవది 2004లో రద్దయి తొలగిపోయాయి. నిర్బంధితుల రక్షణకు సుప్రీంకోర్టు 1996లో డి.కె. బసు కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. అవసరం పేరుతో తెరచిన తలుపును మూయడానికి ప్రతిసారీ ఏళ్ళు పట్టింది. ఉగ్రవాదానికి బలైన కుటుంబాల దుఃఖం నిజమైనదే. ఆ దుఃఖాన్ని సాకుగా చూపి మాథ్యూ వేసే ప్రశ్న కూడా మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది.

చిత్రం ఆ ప్రశ్నను ఎంతో శక్తితో వేసింది. దానికి సమాధానం చెప్పగల మనిషిని మాత్రం తెరపైకి తేలేదు. ఆ పని ప్రేక్షకునికి మిగిలింది. మొదటి దృశ్యంలో ఆ బక్కమనిషికి తొడిగినది ఫ్రెంచి గణతంత్రం యూనిఫారం. దాన్ని చూసి ఏడ్చినవాడు అతనొక్కడే. అదే యూనిఫారాన్ని గౌరవంగా ధరించినవారిలో కొందరైనా ఆనాడు ఆ కన్నీటికి అర్థం గ్రహించారు. వారి కథను కూడా తెలుసుకొని ఈ చిత్రాన్ని చూసినప్పుడు, మాథ్యూ ప్రశ్నకు ఎదురుగా విలేకరుల మౌనం ఒక్కటే ఉండదు. ఒక అధికారి సంతకం చేసి పంపిన రాజీనామాలేఖ కూడా ఉంటుంది.